బూడిద మేజోడు

మా ఇంటిపేరు దున్న.
కవిటి బళ్లో నవ్వేవారు.
సోంపేట ఏజెంటు పాస్‌పోర్టు తిరగేసి నవ్వాడు.
టాంజానియాలో, వేట క్యాంపులో,
జీపులకి వెల్డింగు పెట్టే పనిలో చేరిన మర్నాడు
మసూదీ అడిగాడు, నీ పేరుకి అర్థమేటని.
రెండు చేతులూ నెత్తిన కొమ్ముల్లా పెట్టి చూపించాను.
వాడు నవ్వలేదు.
"ఎంబోగో" అన్నాడు మెల్లగా,
ఊరిపెద్దని పిలిచినట్టు.
రెండేళ్లు నాకదే పేరు.

తుపాకీ గైడుది, డబ్బు దొరది,
జాడ తీసేది మసూదీ.
పేడ మీద ఉత్తికాలు ఆనించి
వేడిని బట్టి చెప్పేవాడు
మంద ఎప్పుడు దాటిందో.
నడుముకి ఓ పాత మేజోడు వేలాడేది,
నిండా జల్లించిన బూడిద.
పదడుగులకోసారి దులిపేవాడు.
బూడిద మన ముఖం మీదకొస్తేనే నడక.
వీపుకి తగిలిందా,
ఆ పూటకి వేట లేనట్టే.

దొరది ఏ దేశమో నేనడగలేదు.
రోజుకింతని కట్టొచ్చాడు.
పొద్దున్నే మోకాళ్లకి తైలం రాసుకుని
అచ్చం మా మావయ్యలా దగ్గేవాడు.
నాలుగో రోజు పేల్చాడు.
గుండెకి పెట్టిన గురి కడుపులో దిగింది.
మసూదీ ఓ గడ్డిపరక తుంచి చూపించాడు:
నల్లటి నెత్తురు,
అందులో సగం నమిలిన పచ్చిక.
"గంట ఆగాలి" అన్నాడు గైడు,
"ఇప్పుడే పొదలోకెళ్తే
అదే మనల్ని వేటాడుద్ది."

ఆ గంట
జీపు నీడలో నలుగురం.
ఈగలు.
దొర బిస్కెట్లు పంచాడు.
నేనెందుకో లెక్కపెట్టుకుంటున్నాను
మా అమ్మ సాకిన గేదెల్ని:
సుక్క, బూడిది, వంకరకొమ్ముది,
తుపానుకి కొట్టం మీద పడి పోయింది,
దానికి పేరే పెట్టలేదు.
అప్పుడు పొదలోంచి వచ్చింది,
పొడుగ్గా, తడిగా, ఒక మూలుగు.
ఈనలేక మా సుక్క
తెల్లార్లూ మూలిగిన మూలుగు.
"అయిపోయింది" అని లేచి
గైడు ప్యాంటు దులుపుకున్నాడు.

గెడ్డం కింద రాయి పెట్టి తల నిలబెట్టి
ఫోటో తీశారు.
టేపు పెట్టి కొమ్ములు కొలిచారు.
అంకె వినగానే దొర ముఖం కొంచెం వాడింది,
అనుకున్నదానికి రెండంగుళాలు తక్కువట.
రాత్రి మాంసం అందరితో పాటు నేనూ తిన్నాను.
ఇంటిపేరు గొంతుకి అడ్డం పడలేదు.
అమ్మకి ఈరోజుకీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం మా గేదె ఇంటికి రాలేదు.
ఆ డబ్బుతోనే కొన్నది, రెండో ఈతది.
"జీడితోటల్లో ఎవుడో తోలుకెళిపోనాడు" అని అమ్మ ఏడుపు.
"బీల్లోకి దిగుంటాది,
పొద్దుటికి అదే వచ్చెత్తాది" అని పక్కింటి బైరాగి.
టార్చి తీశాను.
పొయ్యిలో చెయ్యి పెట్టి
దోసెడు బూడిద నా మేజోడులో పోశాను.
అమ్మ ఏడుపాపి చూసింది,
"ఒరే ఢిల్లేసూ, మతి పోనాదేట్రా?"

జీడితోట దాటాక కొబ్బరి,
కొబ్బరి దాటాక మొగలి డొంక, ఆ పైన బీల.
ఒక పేడకడి దొరికింది. చెప్పు విడిచి కాలు ఆనించాను.
చల్లగా ఉంది.
ఇంకోటి. గోరువెచ్చన.
అక్కడ ఆగి మేజోడు దులిపాను.
బూడిద తిన్నగా నా కళ్లలో పడింది.
వేటగాడికి
ఇంతకంటే మంచి గాలి దొరకదు.

మొగలి ముళ్లలో పడి, చుట్టు తిరిగి,
మోచేతులు గీరుకుపోయి,
గాలి నా వీపుకి తగిలేదాకా నడిచాను.
మసూదీ చూస్తే తల బాదుకునేవాడు.
చొక్కా గుండీలు విప్పాను.
తవుడు, కుడితి, బీడీ, చెమట
ఏది దానికి గుర్తుందో, అది
గాలి తీసుకెళ్తుందిలే అని నిలబడ్డాను.

చాలాసేపు కప్పలే.

తర్వాత నీళ్లు కదిలాయి.
మెడదాకా బురద, కొమ్ముకి నాచు,
నన్నో చెట్టులా దాటుకుని
ఊరి దారి పట్టింది.
టార్చి ఆపేశాను.
ముందు అది, వెనక నేను,
గిట్టల చప్పుడు పడినచోటే
నా అడుగు వేసుకుంటూ.